హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక్కనాటి పందెపు బాట

రథోత్సవం నాడు ఊరిలో రథవీధి ఎలా మారిపోతుందో మన సరిహద్దు గ్రామాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. రెండు రోజుల ముందే గుంటలు పూడుస్తారు. వీధిలోకి పెరిగిన పందిళ్ళను విప్పిస్తారు. లైన్‌మన్ వచ్చి అడ్డంగా ఉన్న కరెంటు తీగలను దింపుతాడు. తేరు గుడి చేరిన మరునాడు చూస్తే అదే వీధిలో మళ్ళీ ఎడ్లబండ్లు, బడిపిల్లలు, కూరగాయల గంపలు కనబడతాయి. వీధి ఒక్కరోజు మరొకటై, తిరిగి వీధి అవుతుంది.

ఈ వ్యాసంలో చెప్పబోయే పందెపు బాట కూడా అటువంటిదే. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో, హుస్సేన్‌సాగర్ తీరాన, నిత్యం బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్డు మీద విద్యుత్ కార్ల ప్రపంచ స్థాయి పందెం జరిగింది. బాట పొడవు సుమారు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. తేరును ఏటేటా లాగే బాధ్యత ఊరిది. ఈ బాటను ఏటేటా తెరిచే బాధ్యత మాత్రం ఒక ఒప్పంద పత్రానిది. పత్రం చెల్లకపోగానే బాట మాయమైంది. అది ఎలా పుట్టిందో, ఎందుకు నిలువలేదో తెలుసుకోవాలంటే ముందుగా ఈ పందెం సంగతి కొంత తెలియాలి.

విద్యుత్ కార్ల పందేలకు ‘ఫార్ములా ఇ’ అని పేరు. మొదటి పందెం 2014 సెప్టెంబరు 13న చైనా రాజధాని బీజింగ్‌లో, ఒలింపిక్ క్రీడా ప్రాంగణం చుట్టూ ఉన్న వీధులలో జరిగింది. బ్రెజిల్ దేశస్థుడు లూకాస్ డి గ్రాసీ అందులో గెలిచాడు. ఆ మొదటి ఏటి నుంచే మన దేశపు మహీంద్రా జట్టు బరిలో ఉంది. చెన్నైకి చెందిన కరుణ్ చాంధోక్ ఆ జట్టు తరఫున తొలి ఏడాది కారు నడిపాడు. అప్పటి బ్యాటరీ సగం పందెానికే సరిపోయేది. కనుక ఒక్కొక్క డ్రైవరుకు రెండేసి కార్లు ఉండేవి. సగం దూరం పోయాక మొదటి కారు దిగి, పక్కనే సిద్ధంగా ఉంచిన రెండవ కారులోకి దూకి మళ్ళీ పరుగు తీసేవాడు. దూరప్రయాణాలలో పూర్వం మజిలీ మజిలీకి గుర్రాలను మార్చుకున్నట్లే ఇదీను. 2018-19 నుంచి వచ్చిన రెండవ తరం కార్లతో ఆ అవసరం తీరింది. హైదరాబాదుకు వచ్చినవి మూడవ తరం కార్లు. వాటి శక్తి 350 కిలోవాట్లు, అంటే సుమారు 470 గుర్రాల బలం. డ్రైవరుతో కలిపి బరువు 840 కిలోల చుట్టుపక్కల. తయారీదారులు చెప్పిన గరిష్ఠ వేగం గంటకు 320 కిలోమీటర్లు. నగర వీధిలో అంత వేగం అందుకునే చోటు ఉండదన్నది వేరే మాట.

ఇటువంటి కార్లకు ఊరి బయట ప్రత్యేకంగా ట్రాక్ కట్టక, రద్దీ నగరాల వీధులే ఎందుకు? దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది చప్పుడు. పెట్రోలు పందెపు కారు మైళ్ళ దూరం వినబడేలా గర్జిస్తుంది. విద్యుత్ కారు ఈల వేసినట్లు సన్నగా పలుకుతుంది. పొగ కూడా రాదు. ఆసుపత్రులు, ఇళ్ళు ఉన్న చోట కూడా పందెం పెట్టవచ్చన్న వాదానికి ఇదే ఆధారం.

రెండవ కారణం మరింత ముఖ్యమైనది, పాఠకులకు సులభంగా అర్థమయ్యేది. పాత సైకిలుకు చక్రాన్ని ఆనుకొని ఒక చిన్న డైనమో ఉండేది. దీపం వెలగాలంటే దానిని చక్రానికి ఆనించాలి. ఆనించగానే తొక్కడం బరువయ్యేది. ఆ బరువే కరెంటుగా మారి దీపం వెలిగేది. విద్యుత్ కారులోని మోటారు బ్రేకు వేసినప్పుడు అచ్చం ఆ డైనమోలాగే పనిచేస్తుంది. చక్రం వేగాన్ని గుంజుకొని, కరెంటుగా మార్చి, తిరిగి బ్యాటరీలో పోస్తుంది. మూడవ తరం కారు ఒక పందెంలో ఖర్చు చేసే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా తిరిగి సంపాదించుకున్నదేనని నిర్వాహకులు చెబుతారు. తిన్నని రోడ్డు మీద పోతూనే ఉంటే బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. మలుపు వచ్చినప్పుడల్లా బ్రేకు వేయాలి, వేసినప్పుడల్లా కొంత జమ అవుతుంది. కాబట్టి పద్దెనిమిది మలుపుల ఇరుకు వీధి ఈ కారుకు అనువైన నేల. అందరికీ సమానంగా కొలిచి ఇచ్చిన శక్తితోనే పందెం ముగించాలి. వేగం ఒక్కటే చాలదు, పొదుపు కూడా తెలియాలి. నెల జీతంతో నెలాఖరు దాకా ఇల్లు నడిపే గృహిణులకు ఈ పందెం కిటుకు ఎవరూ నేర్పనవసరం లేదు.

ఇక వీధిని బాటగా మార్చే పని. చూసేవారికి కార్లే కనబడతాయి గాని, అసలు శ్రమ అంతా అంతకు ముందే జరిగిపోతుంది. రోడ్డు మధ్యలోని విభాగినిని తొలగించాలి. వేగనిరోధకాలను చెక్కివేయాలి. పైపొర తారు కొత్తగా, ఎగుడుదిగుడులు లేకుండా వేయాలి. ఈ కార్ల అడుగుభాగం నేలకు బెత్తెడు ఎత్తులో కూడా ఉండదు గనుక మన కాలికి తెలియని ఎత్తు కూడా వాటికి గండమే. అన్నిటికన్నా ప్రమాదకరమైనవి మ్యాన్‌హోల్ మూతలు. వేగంగా పోయే కారు కింద గాలి పీడనం తగ్గి, నేల మీది మూతను పైకి లాగుతుంది. 2023 నవంబరులో అమెరికాలోని లాస్‌వెగాస్ వీధులలో జరిగిన ఫార్ములా వన్ అభ్యాసంలో నీటి గొట్టపు మూత ఒకటి లేచి ఫెరారీ కారు అడుగును చీల్చివేసింది. అందుకే బాట మీద పడే ప్రతి మూతనూ కదలకుండా బిగిస్తారు. తరువాత రెండు వైపులా టన్నుల బరువున్న కాంక్రీటు దిమ్మెలు పేర్చి, వాటి మీద ఎత్తైన ఇనుప కంచె కడతారు. గుద్దుకునే అవకాశమున్న మలుపుల వద్ద దెబ్బను మింగే మెత్తని అడ్డుకట్టలు పెడతారు. జట్ల గుడారాలు, ప్రేక్షకుల మెట్లు, అగ్నిమాపక దళం, వైద్యులు అన్నీ సమకూరాక అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య తనిఖీదారులు నడిచి చూసి సరేనంటేనే కారు కదులుతుంది. పందెం కాగానే దిమ్మెలు, కంచెలు, గుడారాలు అన్నీ విప్పి రోడ్డును తిరిగి అప్పగించాలి. తాత్కాలికం అన్న మాటకు అర్థం ఇదే.

హైదరాబాదు ఎంచుకున్న చోటు ఎటువంటిదో చూడండి. పదహారవ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో తవ్విన చెరువు హుస్సేన్‌సాగర్. దాని మధ్య నిలిచిన ఏకశిలా బుద్ధ విగ్రహం 1990లో తరలింపు సమయంలో పడవతో సహా మునిగి, ప్రాణాలు కూడా తీసి, రెండేళ్ళకు పైగా నీటి అడుగున ఉండి, 1992లో పైకి వచ్చిన కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ విగ్రహానికి ఎదురుగా ఉన్న గట్టు రోడ్డే ఎన్టీఆర్ మార్గ్. ఒక పక్క లుంబిని పార్కు, మరో పక్క ఎన్టీఆర్ గార్డెన్స్, సమీపంలోనే సచివాలయం. పందెం నాటికి కొత్త సచివాలయ భవనం ఇంకా ప్రారంభం కాలేదు. అది 2023 ఏప్రిల్ 30న జరిగింది. రాయచూరు, బళ్లారి, నాందేడ్ వైపు నుంచి పనుల మీద హైదరాబాదు వెళ్ళే మనవారికి ఆ రోడ్డు చిరపరిచితమే. టీవీలో కార్ల వెనుక చెరువు, బుద్ధుడు కనబడాలన్నదే ఆ చోటు ఎంపికలోని ఉద్దేశమని వేరుగా చెప్పాలా?

పందెపు కార్ల కల ఆ నగరానికి కొత్త కాదు. 2003-04 ప్రాంతంలో, రాష్ట్రం ఉమ్మడిగా ఉన్న రోజుల్లో, శివారులోని గోపన్‌పల్లి వద్ద ఫార్ములా వన్ ట్రాక్ కట్టాలన్న ఆలోచన సాగింది. అది కార్యరూపం దాల్చలేదు. తరువాత ఢిల్లీ సమీపంలోని గ్రేటర్ నోయిడాలో బుద్ధ అంతర్జాతీయ ట్రాక్ వెలసి, 2011 నుంచి 2013 వరకు మూడు ఫార్ములా వన్ పందేలు చూసి ఆగిపోయింది. ఆ పైన దాదాపు పదేళ్ళు మన దేశంలో ప్రపంచ స్థాయి కార్ల పందెం లేదు.

2022 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం, ఫార్ములా ఇ సంస్థ అంగీకార పత్రంపై సంతకాలు చేశాయి. అప్పటి పురపాలక, పరిశ్రమల మంత్రి కె.టి.రామారావు దీనికి ముందు నిలిచారు. గ్రీన్‌కో సంస్థ ప్రాయోజకత్వం వహించింది. ఉద్దేశం ఒక్క పందెం మాత్రమే కాదనీ, విద్యుత్ వాహనాల పరిశ్రమలు రాష్ట్రానికి రావడానికి అది పిలుపు వంటిదనీ ప్రభుత్వం చెప్పింది.

బాట సిద్ధమయ్యాక ముందుగా 2022 నవంబరు 19, 20 తేదీలలో ఇండియన్ రేసింగ్ లీగ్ పేరిట దేశీయ పందేలు పెట్టి చూశారు. అవి పెట్రోలు కార్లు. మొదటి ప్రయత్నం తడబడింది. ప్రమాదాలు, జాప్యాలు కలిసి వెలుతురు తగ్గిపోవడంతో ప్రధాన పందేలు జరగనే లేదు. టిక్కెట్టు కొని వచ్చినవారు నిరాశతో వెనుదిరిగారు. డిసెంబరు 10, 11 తేదీలలో మళ్ళీ పెట్టినప్పుడు పందేలు పూర్తయ్యాయి. అసలు పండుగకు ముందు ఇటువంటి సన్నాహం జరగడం మంచిదే అయింది. లోపాలు బయటపడ్డాయి.

అయినా అన్నీ సరి కాలేదు. ఫిబ్రవరి 10న, అసలు పందెానికి ముందురోజు, అభ్యాసం మొదలు కావలసిన వేళకు నగర వాహనాలు బాటలోకి వచ్చేశాయి. కాంక్రీటు దిమ్మెల మధ్య కార్లు, ద్విచక్ర వాహనాలు దారి తెలియక తిరుగుతున్న దృశ్యాలు దేశమంతా చూసి నవ్వుకున్నది. నవ్వడం సులువే. అయితే రోజూ తాను వెళ్ళే దారిలో బయలుదేరిన మనిషికి హఠాత్తుగా రెండు వైపులా గోడలు మొలిస్తే అతడు మాత్రం ఏం చేస్తాడు? రోడ్డును బాటగా మార్చడమంటే తారూ సిమెంటూ మాత్రమే కాదని, ఆ రోడ్డు మీద బతికే జనానికి నచ్చజెప్పడం కూడా అందులో భాగమేనని ఆ ఉదంతం చూపింది. రోడ్ల మూసివేత వల్ల చుట్టుపక్కల వీధులు కిక్కిరిశాయి. పది నిమిషాల దూరానికి గంట పట్టిందన్న ఫిర్యాదులు అన్ని వైపుల నుంచీ వచ్చాయి.

పదకొండవ తేదీ మధ్యాహ్నం పందెం మాత్రం రసవత్తరంగా జరిగింది. 11 జట్లు, 22 కార్లు. సచిన్ టెండూల్కర్, రామ్‌చరణ్ వంటి ప్రముఖులు చూడడానికి వచ్చారు. ముందు వరుసలో మొదటి స్థానం జాగ్వార్ జట్టు డ్రైవరు మిచ్ ఇవాన్స్‌ది. జాగ్వార్‌కు ఆ రోజు కలిసిరాలేదు. మూడవ మలుపు తలపిన్నులా వంగి ఉంటుంది. అక్కడ బ్రేకు పట్టు తప్పిన శామ్ బర్డ్ కారు వచ్చి ఇవాన్స్ కారునే గుద్దింది. బర్డ్ కూడా జాగ్వార్ జట్టువాడే. ఒకే ఇంటి కార్లు రెండూ ఆగిపోయాయి.

చివరికి ఫ్రాన్సుకు చెందిన జాన్-ఎరిక్ వెర్నే గెలిచాడు. వెనుక నిక్ కాసిడీ నీడలా వెంటాడుతుండగా, బ్యాటరీలో మిగిలినదాన్ని లెక్కపెట్టుకుంటూ, దారి ఇవ్వకుండా, అర సెకను కూడా లేని తేడాతో గీత దాటాడు. మూడవదిగా గీత దాటిన కారు సెబాస్టియన్ బ్యూమీది. అయితే అనుమతించిన శక్తి పరిమితిని మించి వాడినట్లు పరికరాలు చూపడంతో అతనికి 17 సెకన్ల శిక్ష పడి, మూడవ స్థానం పోర్చుగల్ దేశస్థుడు ఆంటోనియో ఫెలిక్స్ డకోస్టాకు దక్కింది. అతనికి అది నూరవ ఫార్ములా ఇ పందెం. పొదుపు గురించి పైన చెప్పిన మాటకు ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. సొంతగడ్డ మీద మహీంద్రా జట్టుకు మొదటి మూడు స్థానాలలో చోటు దొరకలేదు.

పందెం వల్ల సుమారు 700 కోట్ల రూపాయల ఆర్థిక ప్రయోజనం కలిగిందని ఒక సర్వే సంస్థ అంచనా వేసినట్లు అప్పటి పాలకులు చెప్పారు. ఇటువంటి అంచనాలలో హోటలు గదుల నుంచి టీవీ ప్రచారపు విలువ దాకా అన్నీ కలుపుతారు. చేతికి వచ్చిన సొమ్ము వేరు, వచ్చినట్లు లెక్కగట్టిన సొమ్ము వేరు. ఈ తేడా గ్రహించి చదువుకోవాలి.

రెండవ పందెం 2024 ఫిబ్రవరి 10న జరగవలసి ఉంది. ఈలోగా మొదటి ప్రాయోజకులు తప్పుకున్నారు. నగరాభివృద్ధి సంస్థ నిధుల నుంచి ఫార్ములా ఇ సంస్థకు చెల్లింపులు జరిగాయి. 2023 అక్టోబరు 30న పురపాలక శాఖతో కొత్త ఒప్పందం కుదిరింది. అప్పటికే అసెంబ్లీ ఎన్నికల ప్రకటన వెలువడి ఉంది. డిసెంబరు 7న కాంగ్రెసు ప్రభుత్వం అధికారంలోకి వచ్చింది. 2024 జనవరి మొదటి వారంలో, పందెానికి నెల రోజులకు కొద్దిగా పైగా మాత్రమే ఉన్న సమయంలో, ఒప్పందాన్ని కొనసాగించరాదని పురపాలక శాఖ నిర్ణయించిందంటూ ఫార్ములా ఇ సంస్థ పందెం రద్దును ప్రకటించింది. ఆ ఏటి పట్టికలో సౌదీ అరేబియా తరువాత హైదరాబాదు ఉండవలసిన చోట ఖాళీ మిగిలి, కార్లు నేరుగా మార్చిలో బ్రెజిల్‌లోని సావోపాలోకు వెళ్ళాయి.

కథ అంతటితో ఆగలేదు. సుమారు 55 కోట్ల రూపాయల చెల్లింపు సక్రమ అనుమతులు లేకుండా జరిగిందన్న ఆరోపణపై 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ మాజీ మంత్రి రామారావుపైన, ఇద్దరు అధికారులపైన కేసు నమోదు చేసింది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కూడా విచారణ చేపట్టింది. నగరానికి మేలు కోరి చేసిన పనే తప్ప ఇందులో అవినీతి లేదని, ఇది రాజకీయ కక్ష అని ఆయన ఆరోపణలను ఖండించారు. కేసు కొట్టివేయాలన్న ఆయన అభ్యర్థనను 2025 జనవరిలో హైకోర్టు తోసిపుచ్చింది. తప్పొప్పులు తేల్చవలసినది న్యాయస్థానమే గనుక ఆ విషయం మనం ఇక్కడ విడిచిపెడదాం.

ప్రభుత్వం మారితే పందెం ఆగడం హైదరాబాదుకే పట్టిన పీడ అనుకోవద్దు. కెనడాలోని మాంట్రియాల్ నగరంలో 2017 జూలైలో ఇటువంటి పందేలే జరిగాయి. మేయరు డెనీ కొడేర్ పట్టుబట్టి తెచ్చాడు. నగర నడిబొడ్డున వీధులు మూసివేయడం మీద, ఖర్చు మీద ప్రజలలో ఆగ్రహం రేగింది. ఆ నవంబరు ఎన్నికలలో ఆయన ఓడిపోయాడు. గెలిచిన వాలెరీ ప్లాంట్ డిసెంబరులోనే తరువాతి పందేలను రద్దు చేసింది. లండన్‌లో 2015, 2016 సంవత్సరాలలో బాటర్సీ పార్కులో పందేలు పెట్టారు. నడకకు, పిల్లల ఆటకు వచ్చే పార్కును మూసివేస్తారా అని చుట్టుపక్కల నివాసులు పోరాడి ఆపించారు. 1955లో ఫ్రాన్సులోని లెమాన్స్ పందెంలో 80 మందికి పైగా మరణించాక స్విట్జర్లాండ్ తన దేశంలో బాట పందేలనే నిషేధించింది. అక్కడ 2018లో జ్యూరిచ్, 2019లో బెర్న్ నగరాలు విద్యుత్ కార్లకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చాయి. ఒక్కొక్క ఏడాదే. రెండు చోట్లా కార్లు తిరిగి రాలేదు.

తమిళనాడు పాఠకులకు మరొక ఉదాహరణ దగ్గరలోనే ఉంది. చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ నేపియర్ వంతెన, శివానంద సాలై మీదుగా 3.5 కిలోమీటర్ల వీధి బాట తయారైంది. 2023 డిసెంబరులో జరగవలసిన పందెానికి మిచాంగ్ తుపాను అడ్డుపడింది. మద్రాసు హైకోర్టు ప్రజల రాకపోకలకు ఇబ్బంది కలగకూడదన్న షరతులతో అనుమతించాక, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 రాత్రులలో దీపాల వెలుగులో అది జరిగింది. అవి పెట్రోలు కార్లు. అయినా వీధి మూసివేత, ఆసుపత్రికి దారి, ప్రభుత్వ ఖర్చు అన్న ప్రశ్నలు అక్కడా అవే.

హైదరాబాదులో 2024 ఫిబ్రవరి 10న ఎన్టీఆర్ మార్గ్ మీద కార్లు మామూలు వేగంతోనే పోయాయి. లుంబిని పార్కు రేవులో బుద్ధ విగ్రహానికి వెళ్ళే పడవల కోసం జనం ఎప్పటిలాగే వరుసలో నిలబడ్డారు.